యంత్రం ఒకటి, అక్కర పదిమందికి

ప్రొటీన్ల ఆకారాన్ని అణువుల స్థాయిలో చూడాలంటే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు లాంటి పరికరం కావాలి. రక్తపు చుక్కలో ఏయే ప్రొటీన్లు ఉన్నాయో తేల్చాలంటే మాస్ స్పెక్ట్రోమీటరు కావాలి. ఇలాంటి యంత్రాల ధర లక్షల డాలర్లలో ఉంటుంది. ఒక శాస్త్రవేత్తకు వచ్చే గ్రాంటులో జీతాలు, రసాయనాల ఖర్చు పోగా అంత సొమ్ము మిగలదు. ఒకవేళ కొన్నా, ఒక్కరి పనితో ఆ యంత్రానికి రోజంతా చేతినిండా పని ఉండదు.

అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ (ఎన్‌ఐహెచ్) ఈ చిక్కుకు 1982లో ఒక దారి చూపింది. అదే షేర్డ్ ఇన్‌స్ట్రుమెంటేషన్ గ్రాంట్. దీని కింద ఒక పరిమితి వరకు డబ్బు ఇస్తారు. అంతకు మించిన ధర ఉన్నవాటికి 20 లక్షల డాలర్ల వరకు ఇచ్చే మరో పథకం ఉంది. యంత్రం ధర ఆ పరిమితి దాటితే మిగతాది సంస్థే భరించాలి.

అడిగిన వాళ్లందరికీ ఈ డబ్బు రాదు. ఎన్‌ఐహెచ్ గ్రాంటు ఉన్న పరిశోధకులు కనీసం ముగ్గురు, తమకు ఆ యంత్రం ఎందుకు అవసరమో వివరంగా రాయాలి. వాడకాన్ని, సమయం పంపకాన్ని పర్యవేక్షించే సలహా సంఘం సంస్థలో ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యమైన షరతు మరొకటి ఉంది. గ్రాంటు యంత్రం కొనడానికే తప్ప నడిపే నిపుణుడి జీతానికి, మరమ్మతుల ఒప్పందానికి పనికిరాదు. వాటికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో సంస్థ ముందే చెప్పాలి. చాలాచోట్ల వాడుకున్నవారి నుంచి గంటల లెక్కన రుసుము తీసుకుని ఆ ఖర్చులో కొంత రాబడతారు.

ఈ నియమం వెనుక మంచి ఆలోచన ఉంది. ఉమ్మడి చెరువును ఎవరు తవ్వించినా, ఏటా పూడిక తీయాల్సింది ఊరే. యంత్రాన్ని సాకే బాధ్యత తీసుకున్న సంస్థే దాన్ని శ్రద్ధగా చూసుకుంటుంది. అయితే ఇందులో ఒక లోటూ ఉంది. గ్రాంట్లున్న పరిశోధకులు ముగ్గురు కూడా లేని చిన్న విశ్వవిద్యాలయం దరఖాస్తు దగ్గరే ఆగిపోతుంది. యంత్రం అవసరం మాత్రం అక్కడి విద్యార్థులకూ అంతే ఉంటుంది.

మన దేశంలోనూ కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2000లో మొదలుపెట్టిన ఫిస్ట్ పథకం విశ్వవిద్యాలయాల విభాగాలకు పరికరాలు సమకూర్చింది. 2020లో వచ్చిన ఐ-స్టెమ్ పోర్టల్ ద్వారా ఒక సంస్థలోని యంత్రంపై మరో సంస్థ పరిశోధకులు సమయం కోరవచ్చు. చిన్న కాలేజీల వారికి ఇది నిజమైన ఆసరా.

కానీ పోర్టల్‌లో పేరు ఉన్నంత మాత్రాన యంత్రం నడవదు. వార్షిక నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ) గడువు తీరినా, ఆపరేటర్ పోస్టు ఖాళీగా ఉన్నా కోట్ల రూపాయల పరికరం పక్కన పడి ఉంటుంది. గ్రాంటు ఇచ్చేవారు ఎన్ని యంత్రాలు కొన్నామన్నది కాక, అవి ఏడాదిలో ఎన్ని గంటలు నడిచాయో, బయటివారికి ఎన్ని గంటలు దక్కాయో అడగాలి. ఆపరేటర్ జీతాన్ని, నిర్వహణ ఖర్చును మంజూరు రోజునే లెక్కలో చేర్చాలి. ప్రజల డబ్బుతో కొన్న పరికరం ప్రజల జబ్బులకు జవాబులు వెతకాలంటే అది పనిచేస్తూ ఉండాలి, అవసరమైనవారికి అందుబాటులో ఉండాలి.