బండి ఒక పక్కకే లాగుతోందా? కారణం కనుగొనే క్రమం

స్టీరింగును తిన్నగా పట్టుకున్నా బండి ఎడమకో కుడికో జరిగిపోవడం కార్లు, జీపులు నడిపేవారికి ఏదో ఒకనాడు ఎదురయ్యే సమస్య. ఇటువంటప్పుడు నేరుగా వీల్ అలైన్‌మెంటుకు తీసుకువెళ్లడం పరిపాటి. అప్పటికీ తీరు మారకపోతే టైర్లు, ఆపై బేరింగులు మార్చి డబ్బు పోగొట్టుకునే కుటుంబాలు ఉన్నాయి. ఈ లోపానికి కారణాలు అనేకం. ఖర్చు లేని పరీక్షలతో మొదలుపెట్టి ఒక్కొక్క కారణాన్నీ తొలగించుకుంటూ వెళ్లడమే సరైన మార్గం.

ఎప్పుడు లాగుతోంది?

మొదట తేల్చుకోవలసినది ఇదే. సమవేగంతో పోతున్నప్పుడు ఎల్లవేళలా లాగుతుంటే టైర్లను, చక్రాల కోణాలను, విడవకుండా పట్టి ఉన్న బ్రేకును అనుమానించాలి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే లాగితే లోపం బ్రేకులలోనో, అరిగిన బుష్షులలోనో ఉంటుంది. యాక్సిలరేటరు గట్టిగా తొక్కినప్పుడు కొద్దిగా లాగడం, ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే కార్లలో కొంతవరకు సహజమే. అది మితిమీరితే ఇంజను మౌంటింగులను, సస్పెన్షన్ బుష్షులను పరిశీలింపజేయాలి.

రోడ్డు వాలు

వాన నీరు నిలవకుండా రోడ్లను నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. మన దేశంలో ఎడమవైపు నడుపుతాము గనుక బండి స్వల్పంగా ఎడమకు జరగడం లోపం కాదు. రద్దీ లేని సమతలమైన చోట గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతూ, చేతులు తీయకుండా పట్టు మాత్రం కొద్దిగా సడలించి చూడాలి. అక్కడ తిన్నగా పోతే తప్పు రోడ్డుదే. ఎడమకు వాలిన రోడ్డు మీద కూడా కుడికి లాగుతుంటే అది నిశ్చయంగా లోపమే. పైగా అది ఎదురు వాహనాల వైపుకు లాగడం గనుక ఉపేక్షింపరాదు. సరకు బండ్లలో బస్తాలు ఒక పక్కకే పేర్చినా ఇదే జరుగుతుంది. కనుక ఖాళీ బండితోనే పరీక్షించాలి.

టైర్లు

గాలి తక్కువైన టైరు నేలను ఎక్కువగా పట్టి, బండిని తనవైపుకు లాగుతుంది. ముందు చక్రాల మధ్య 5, 6 పౌండ్ల తేడా చాలు, చేతికి తెలిసిపోతుంది. బండి కనీసం 3 గంటలు నిలిచి ఉన్న తరువాత, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. ఎన్ని పౌండ్లు ఉండాలో చాలా కార్లలో డ్రైవరు తలుపు చట్రం మీది చీటీలో ఉంటుంది.

గాలి సరిగా ఉన్నా లాగుతుంటే ముందు టైర్లను కుడి ఎడమలుగా మార్చి చూడాలి. ఇది పంక్చరు కొట్టులోనే కాగల పని. లాగే దిక్కు కూడా మారిందంటే దోషం టైరుదే. పైకి కొత్తగా కనిపించే రేడియల్ టైరులో సైతం లోపలి అల్లికలో తేడా ఉండవచ్చు. దిక్కు మారకపోతే టైరు నిర్దోషి. పక్క గోడ మీద తిరిగే దిశను సూచించే బాణం గుర్తు ఉన్న టైర్లను మాత్రం కుడి ఎడమలుగా మార్చరాదు. అదే పక్కన ముందు వెనుకలుగా మార్చి చూడాలి.

బ్రేకులు

కొంతదూరం బ్రేకు ఎక్కువగా వాడకుండా నడిపి ఆపిన తరువాత, చక్రాల దగ్గరకు చేయి తాకకుండా చాచి చూడాలి. ఒక చక్రం మాత్రం బాగా వేడెక్కి ఉంటే అక్కడ బ్రేకు విడవడం లేదని అర్థం. క్యాలిపరు పిస్టను బిగుసుకుపోవడం, బ్రేకు గొట్టం లోపల ఉబ్బి నూనె వెనుకకు రాకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు. పాడైన బేరింగు కూడా వేడెక్కుతుంది, కానీ దానితో పాటు మూలుగు వంటి శబ్దం వినిపిస్తుంది.

బ్రేకు తొక్కినప్పుడు బండి ఎక్కువగా పట్టే చక్రం వైపుకు తిరుగుతుంది. కనుక ఎడమకు లాగితే, లోపం కుడి చక్రం బ్రేకు సరిగా పట్టకపోవడంలోనూ ఉండవచ్చు. రెండు పక్కలా విప్పి చూడమనాలి.

అలైన్‌మెంటు

ఇవన్నీ సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే అలైన్‌మెంటు వంతు. చూసే కోణాలు మూడు. ముందు చక్రాలలో ఏది పైభాగం బయటికి ఎక్కువగా వాలి ఉంటుందో బండి ఆ వైపుకు లాగుతుంది. ఇది క్యాంబర్. చక్రం మలుపు తిరిగే ఇరుసు వెనుకకు వాలి ఉండడం క్యాస్టర్. ఆ వాలు ఏ పక్క తక్కువైతే ఆ వైపుకు లాగుతుంది. మూడవదైన టో తప్పితే టైర్లు త్వరగా అరుగుతాయి, స్టీరింగు వంకరగా నిలుస్తుంది, కానీ సాధారణంగా బండి లాగదు. చాలా చిన్న కార్లలో సరిచేసే వీలున్నది టో ఒక్కటే. అందువల్లనే అలైన్‌మెంటు తరువాత కూడా సమస్య మిగిలిపోతుంది. మిగిలిన కోణాలు తప్పితే గుంతలో పడి ఏదో భాగం వంగిందనో, బాల్ జాయింటు, బుష్షు అరిగిందనో గ్రహించాలి. కమాను పట్టీలున్న జీపులలో యు బోల్టులు వదులై వెనుక ఇరుసు జరిగినా బండి పక్కకే నడుస్తుంది.

మెకానిక్కుకు చెప్పవలసినది

ఎప్పుడు, ఎటు లాగుతోందో, ఏయే పరీక్షలు చేశారో స్పష్టంగా చెబితే అనవసరపు మార్పిడులు తప్పుతాయి. ఎడమ, కుడి అనే మాటలకు కన్నడంలో ఎడ, బల అనీ, తమిళంలో ఇడదు, వలదు అనీ, మరాఠీలో డావా, ఉజవా అనీ, ఒడియాలో బామ, డాహాణ అనీ అంటారు. మరాఠీ డావా ఎడమ, ఒడియా డాహాణ కుడి. పొరపాటు పడకుండా చక్రాన్ని చేతితో చూపడం మేలు.

గాలి, టైరు, కోణాల తేడాలు స్వల్పమైతే ఒకటి రెండు రోజులు ఆగవచ్చు. బ్రేకు తొక్కినప్పుడు పక్కకు లాగే బండిని, చక్రం వేడెక్కే బండిని మాత్రం బాగుచేయించే వరకు కదపరాదు. కోరాపుట్ ఘాట్ మలుపులోనైనా, యానాం సమతల రహదారి మీదైనా, పిల్లలు అడ్డం వచ్చిన క్షణాన ఆ బండి తిన్నగా ఆగదు.