పరిశోధనా ఉద్యోగానికి బయోడేటా: ఉల్లేఖకుల శాస్త్రం నేర్పే పాఠం

విశ్వవిద్యాలయంలో అధ్యాపక పదవికి గానీ, పరిశోధనాలయంలో శాస్త్రజ్ఞుని పదవికి గానీ దరఖాస్తు పెట్టుకొన్న అభ్యర్థిని ఎంపిక సంఘం మొదట చూసేది కాగితం మీదనే. అతని పక్షాన మాట్లాడవలసిన ఆ రెండు మూడు పుటల పత్రాన్నే మనం బయోడేటా అంటున్నాము. సూళ్ళూరుపేట, నాయుడుపేట, చిత్తూరు, మదనపల్లె వంటి పట్టణాల నుండి చదువుకొని పైకి వచ్చే మన యువకులలో ప్రతిభకు కొదువ లేదు. అయినా వారిలో ఎందరో ఈ కాగితం దగ్గరే ఆగిపోతున్నారు. కొందరు బిడియంతో తాము చేసిన పనిని కూడా చెప్పుకోరు. మరికొందరు చేయని పనిని చేసినట్లు ధ్వనించేలా రాస్తారు. మొదటివారు అవకాశాన్ని పోగొట్టుకొంటే, రెండవవారు నమ్మకాన్ని పోగొట్టుకొంటారు. ఈ రెండు లోపాలకూ మందు ఒక్కటే: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేశారో స్పష్టంగా చెప్పడం.

సమష్టి కృషిలో ఒకరి వంతు

ఈ స్పష్టత ఎంత అవసరమో తెలుసుకోవడానికి శ్రీహరికోటను మించిన ఉదాహరణ లేదు. 1971 అక్టోబరు 9న రోహిణి–125 అనే చిన్న రాకెట్టుతో అక్కడ ప్రయోగాలు ఆరంభమైనాయి. 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. 1979 ఆగస్టు 10న ఎస్.ఎల్.వి.–3 రాకెట్టు తొలి ప్రయోగం విఫలమై సముద్రంలో కూలింది. 1980 జూలై 18న అదే తరహా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టింది. ఆ పథకానికి సంచాలకులు అబ్దుల్ కలాం గారు. అపజయం కలిగిన నాడు సంస్థ అధ్యక్షుడు ధావన్ గారు తామే పత్రికల వారి ముందుకు వెళ్ళి బాధ్యత వహించారనీ, విజయం లభించిన నాడు తమను మాట్లాడమన్నారనీ కలాం గారు అనేక సభలలో చెప్పేవారు.

ఒక రాకెట్టు లేవాలంటే ఘన ఇంధనాన్ని పోతపోసేవారు, కవాటాలను పరీక్షించేవారు, రాడారుతో గమనాన్ని కనిపెట్టేవారు, వాతావరణాన్ని అంచనా కట్టేవారు, లెక్కలు సరిచూసేవారు – ఇలా వందలాది మంది చేతులు కలవాలి. వారిలో ఒకరు తమ బయోడేటాలో ‘ఉపగ్రహ ప్రయోగంలో పాల్గొన్నాను’ అని మాత్రమే రాస్తే అది అబద్ధం కాదు. కాని దానివల్ల ఎంపిక సంఘానికి తెలిసింది కూడా ఏమీ లేదు. ‘ఫలానా దశకు చెందిన కవాటాల పీడన పరీక్షలు రెండేళ్ళు నిర్వహించాను’ అన్నప్పుడు ఆ వ్యక్తి పని కళ్ళకు కడుతుంది. విఫలమైన ప్రయోగంలో చేసిన పనికీ ఇదే వర్తిస్తుంది. లోపాన్ని కనుగొనడంలో తన వంతు ఏమిటో చెప్పగలిగిన అభ్యర్థికి ఆ అపజయం కూడా అనుభవంగానే లెక్కకు వస్తుంది.

ముహద్దిసులు పెట్టిన గీటురాయి

ఒక వ్యక్తి తనను గూర్చి చెప్పుకొన్న మాటను పరీక్షించే విద్యను ముస్లిం పండితులు శతాబ్దాల క్రిందటే ఒక శాస్త్రంగా తీర్చిదిద్దారు. హదీసును ఉల్లేఖించిన వారి జీవిత వివరాలను సేకరించి, వారి విశ్వసనీయతను తూచే ఆ శాస్త్రానికి ‘అస్మాఉర్ రిజాల్’ అని పేరు. ఈ విషయంపై ఇబ్నె హజర్ రచించిన ‘తహ్జీబుత్ తహ్జీబ్’ ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దంలో మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ద్వారా 12 సంపుటాలుగా వెలువడింది. దాని పుటలు తిప్పితే ప్రతి ఉల్లేఖకుని విషయంలోనూ దాదాపు అవే ప్రశ్నలు కనిపిస్తాయి: అతని గురువులెవరు? శిష్యులెవరు? ఎప్పుడు మరణించాడు? అతని జ్ఞాపకశక్తిని గురించి, నిజాయితీని గురించి తోటివారు ఏమన్నారు? నేటి ఎంపిక సంఘం అడిగే ప్రశ్నలకూ వీటికీ అట్టే భేదం లేదు.

ఈ శాస్త్రం నుండి అభ్యర్థులు గ్రహించవలసిన సూత్రాలు మూడు.

మొదటిది, తేదీలు. ఫలానా గురువు వద్ద విన్నానని ఎవరైనా అంటే, ‘ఏ సంవత్సరంలో విన్నావు?’ అని విమర్శకులు అడిగేవారు. చెప్పిన సంవత్సరం ఆ గురువు మరణానికి తరువాతిదైతే అబద్ధం అక్కడే బయటపడేది. బయోడేటాలో ప్రతి చదువుకూ, ప్రతి ఉద్యోగానికీ నెల, సంవత్సరం వేయాలి. మధ్యలో ఖాళీ వస్తే కారణం ఒక్క వాక్యంలో చెప్పాలి.

రెండవది, క్రియాపదం. గురువు నోట స్వయంగా విన్నదానికి ‘హద్దసనా’ అనీ, శిష్యుడు చదువుతుండగా గురువు విని సరేనన్నదానికి ‘అఖ్బరనా’ అనీ అనేకమంది ముహద్దిసులు వేర్వేరు మాటలు వాడారు. బయోడేటాలోనూ ‘రూపొందించాను’, ‘నడిపాను’, ‘సహాయపడ్డాను’, ‘శిక్షణ పొందాను’ అనేవి నాలుగు వేర్వేరు సంగతులు. ఒకదాని చోట మరొకటి వాడరాదు.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, తద్లీస్‌కు దూరంగా ఉండడం. తాను స్వయంగా వినని మాటను ‘ఫలానా వారి నుండి’ అని అస్పష్టంగా చెప్పి, నేరుగా విన్నాడేమోననే భ్రమ కలిగించడాన్ని తద్లీస్ అన్నారు. అందులో పచ్చి అబద్ధం ఉండకపోవచ్చు. అయినా విమర్శకులు దానిని దోషంగానే లెక్కించారు. నేటి బయోడేటాలలో పచ్చి అబద్ధాల కంటె ఈ దోషమే హెచ్చు. ‘ప్రఖ్యాత సంస్థతో అనుబంధం’ అన్న మాట వెనుక రెండు రోజుల సందర్శనం దాగి ఉండవచ్చు. ‘అంతర్జాతీయ సదస్సు’ అన్న మాట వెనుక శ్రోతగా కూర్చోవడం మాత్రమే ఉండవచ్చు. ఇంటర్వ్యూలో ఒక్క ప్రశ్నతో ఆ తెర తొలగిపోతుంది. అటుపైన ఆ పత్రంలోని నిజాలను కూడా సంఘం అనుమానంతోనే చూస్తుంది.

ఏ భాగంలో ఏమి రాయాలి

పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు తరువాత చదువు రావాలి. చివరిగా పొందిన పట్టాను మొదట రాయాలి. పరిశోధన చేసినవారు సిద్ధాంతవ్యాస శీర్షికను, మార్గదర్శకుని పేరును, అందులో తేలిన విషయాన్ని రెండు వాక్యాలలో చెప్పాలి.

పరిశోధనానుభవమే ఈ పత్రానికి గుండెకాయ. తిరుపతి సమీపాన గాదంకిలో ఉన్న జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాల రాడారు సమాచారంతో ఒక విద్యార్థి మూడు నెలలు పని చేశాడనుకొందాము. ‘రాడారు పరిశోధన’ అని రాస్తే చాలదు. ‘వర్షాకాలపు గాలివేగాల లెక్కలలో తప్పులను వడకట్టే కంప్యూటర్ ప్రోగ్రాము రాశాను, ఫలితాల విశ్లేషణ మార్గదర్శకులది’ అని రాయాలి. ఇందులో వినయమూ ఉన్నది, గౌరవమూ ఉన్నది.

ప్రచురణల పట్టికలో రచయితల పేర్లన్నీ అచ్చయిన వరుసలోనే ఇవ్వాలి. అచ్చయినవి, అంగీకారం పొందినవి, పరిశీలనలో ఉన్నవి, ఇంకా రాస్తున్నవి వేర్వేరుగా చూపాలి. అల్ బిరూనీ హిజ్రీ 427లో తన రచనల పట్టికను తయారుచేసినప్పుడు, తన పేరిట ఇతరులు రాసిన 25 గ్రంథాలను తన వాటిలో కలపలేదు. అబూ నస్ర్ రాసినవి 12, అబూ సహ్ల్ రాసినవి 12, అబూ అలీ రాసినది ఒకటి అని పేరుపేరునా వేరుచేసి చూపాడు. అంతటి విద్వాంసుడు పాటించిన నియమం మనకూ శిరోధార్యమే. డబ్బు తీసుకొని ఏది పడితే అది అచ్చువేసే పత్రికలలో వ్యాసం ఉండటం కంటె లేకపోవడమే మేలు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కొన్నేళ్ళు నడిపిన ‘కేర్’ పత్రికల జాబితాను 2025లో నిలిపివేసింది. కనుక పత్రిక మంచిచెడ్డలను విచారించే బాధ్యత ఇప్పుడు రచయిత మీద, అతని సంస్థ మీద పడింది.

అధ్యాపక పదవికైతే బోధించిన పాఠ్యాంశాలు, తరగతులు రాయాలి. చివర మన పనిని ఎరిగిన ఇద్దరు ముగ్గురు పెద్దల పేర్లను, వారి అనుమతి తీసుకొన్న తరువాతనే ఇవ్వాలి. పనిని చూడని ప్రముఖుని కంటె, పనిని చూసిన సామాన్య అధ్యాపకుని మాటకే బరువెక్కువ.

మదరసా చదువును దాచవలెనా?

మదరసాలో చదివి, ఆపై విశ్వవిద్యాలయానికి వచ్చిన వారు కొందరు ఆ సంవత్సరాలను పత్రం నుండి తొలగిస్తున్నారు. దీనివల్ల ఆరేడేళ్ళ ఖాళీ ఏర్పడి లేనిపోని అనుమానాలకు చోటిస్తుంది. అరబీ, ఇస్లామీ అధ్యయనాలు, చరిత్ర, వ్రాతప్రతుల రంగాలలో ఆ చదువే వారి మూలధనం. హైదరాబాదు జామియా నిజామియా, చిత్తూరు సరిహద్దుకు ఆవల ఉమరాబాదులోని జామియా దారుస్సలాం వంటి సంస్థల పేరు, సంవత్సరాలు, పట్టా రాసి, వ్యాకరణం, తర్కం, ధర్మశాస్త్రం వంటి విషయాలను బయటివారికి అర్థమయ్యే మాటలలో చెప్పాలి. ఆ పట్టాను ఏదైనా విశ్వవిద్యాలయం ప్రవేశానికి గుర్తించి ఉంటే ఆ ఉత్తర్వు ప్రతిని దగ్గర ఉంచుకోవాలి. విజ్ఞానశాస్త్ర పదవికి ఒక్క పంక్తి చాలు. కాని ఆ ఒక్క పంక్తి ఉండి తీరాలి.

ప్రభుత్వ దరఖాస్తు వేరు

శ్రీహరికోట వంటి కేంద్ర సంస్థలలో నియామకానికి బయోడేటా కంటె ముందు నిర్ణీత దరఖాస్తు, చాలా పదవులకు రాతపరీక్ష ఉంటాయి. శాస్త్రజ్ఞుల తొలి స్థాయి పదవికి ఇస్రో ప్రకటనలలో 65 శాతం మార్కులు లేదా పదింటికి 6.84 గ్రేడు అనే నిబంధన కనిపిస్తూ వచ్చింది. గ్రేడును శాతంగా మార్చేటప్పుడు సొంత లెక్క పనికిరాదు. విశ్వవిద్యాలయం ఇచ్చిన సూత్రమే ఆధారం. రాష్ట్ర ప్రభుత్వపు బి.సి.–ఇ ధ్రువపత్రం కేంద్ర ఉద్యోగానికి దానంతటదే చెల్లదు. తమ వర్గం కేంద్ర జాబితాలో ఉన్నదో లేదో చూసుకొని, కేంద్ర నమూనాలోనే పత్రం పొందాలి. పేరులోని అక్షరాలు పదవ తరగతి ధ్రువపత్రంలోనూ, పట్టాలోనూ ఒకే రీతిగా ఉన్నవో లేవో ముందే సరిచూసుకోవాలి. షేక్, సయ్యద్ వంటి పదాలు ఒక పత్రంలో ముందు, మరొక పత్రంలో వెనుక ఉండి చిక్కులు తెచ్చిపెట్టడం మన ఇళ్ళలో సామాన్యం.

పత్రం పూర్తయిన తరువాత ప్రతి పంక్తినీ వేలుపెట్టి చూపుతూ తనను తాను రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ‘దీనికి సాక్ష్యం ఏది? దీనిని గురించి అడిగితే పది నిమిషాలు మాట్లాడగలనా?’ జవాబు లేని పంక్తిని కొట్టివేయాలి. జవాబు ఉండి కూడా బిడియంతో వదిలివేసిన పంక్తిని తిరిగి చేర్చాలి. అప్పుడు మిగిలిన పత్రం పొట్టిదైనా సరే, ఏ సంఘం ముందైనా నిలబడగలదు.