మనిషినే అడగాలి



2020లో లాక్‌డౌన్ నెలల్లో ఓ.పి.కి రాలేని రోగులకు ఫోను చేసి జ్వరం, ఆయాసం, మందుల సంగతి అడిగి రిజిస్టరులో రాసుకునేవాళ్ళము. ఎక్కడ ఏమి అవసరమో తెలుసుకోవడానికి అది మా చిన్న సర్వే. ఒక తల్లి, "మావాడికి చెవులు వినపడవు సిస్టరమ్మా, నన్నడగండి" అన్నది. ఆమె చెప్పినట్లు అన్నిటికీ "బాగున్నాడు" అని రాశాము. కొన్నాళ్ళకు ఆ అబ్బాయి ఫిట్సు వచ్చి పడిపోయాడని తీసుకొచ్చారు. కాగితం, పెన్ను ఇస్తే రాసి చూపించాడు. మాత్రలు అయిపోతాయేమోనని రెండు పూటలవి ఒక పూటే వేసుకుంటున్నాడట. తల్లికి తెలియదు. తప్పు మాదే.

యెరికో దారిలో బర్తిమయి కేకలు వేస్తుంటే జనులు ఊరుకొమ్మన్నారు. ప్రభువైతే అతనినే పిలిపించి, ఏమి కావాలో అతనినే అడిగారు. మేము ఆరోజు జనుల పక్షాన ఉన్నాము.

ఇది చిన్న విషయం కాదు. ఇంగ్లాండులో 2020 జనవరి 24 నుండి నవంబరు 20 వరకు కొవిడ్‌తో మరణించిన 50,888 మందిని లెక్క చూస్తే, 30,296 మంది వికలాంగులే. జనాభాలో వారు 17 శాతం మాత్రమే. వయస్సు కూడా ఒక కారణమే గాని, అదొక్కటే కాదు. 2011 జనాభా లెక్కలలో వైకల్యం గురించి అడిగి ఉన్నందున, ఆ జవాబులను మరణాల పట్టికతో కలిపి చూడగలిగారు. అడగకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "మీ ఇంట్లో వికలాంగులున్నారా?" అంటే చాలామంది లేరంటారు. శుక్లాలతో గోడ పట్టుకుని నడిచే అవ్వ అరుగు మీదే కూర్చుని ఉంటుంది! మన దేశంలో 2011 జనగణన చూపినది 2.21 శాతం, అదే సంవత్సరం ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచమంతటికీ వేసిన అంచనా సుమారు 15 శాతం. అందుకే వాషింగ్టన్ గ్రూపు వారి ఆరు ప్రశ్నలలో వైకల్యమనే మాటే ఉండదు. చూడడం, వినడం, నడవడం లేక మెట్లెక్కడం, జ్ఞాపకం, స్నానం చేసి బట్టలు కట్టుకోవడం, మాట అర్థం కావడం - వీటిలో ఇబ్బంది లేదా, కొంత ఉందా, చాలా ఉందా, అసలు చేయలేరా అని అడుగుతారు. ఏ ఒక్కదానికైనా చివరి రెండు జవాబులలో ఒకటి వస్తే ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవాలి.

ఇక సమ్మతి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 6వ సెక్షను ప్రకారం, వికలాంగులపై పరిశోధన చేయాలంటే వారికి అర్థమయ్యే పద్ధతిలో చెప్పి, వారి ఇష్టపూర్వకమైన అంగీకారం తీసుకోవాలి. ప్రభుత్వం నియమించిన కమిటీ అనుమతి కూడా ముందే ఉండాలి. ఆ కమిటీలో కనీసం సగంమంది వికలాంగులో, వారి రిజిస్టరు సంఘాల సభ్యులో అయి ఉండాలి. అంటువ్యాధి ప్రబలిందని తొందరపడి వేలిముద్ర వేయించుకుంటే అది సమ్మతి కాదు. చూపు లేనివారికి కాగితమంతా చదివి వినిపించాలి. మాస్కు వేసుకుంటే పెదవులు కనపడవు గనుక, చదువు వచ్చిన బధిరులకు దూరంగా నిలిచి పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపవచ్చు. చదువు రాకపోతే సైగల భాష తెలిసినవారిని పిలవాలి. బుద్ధిమాంద్యం ఉన్నవారికి బొమ్మలు చూపి, అవసరమైతే మరొక రోజు వెళ్ళాలి. తోడు వచ్చినవారు సాయం చేయవచ్చు గాని, మన చూపు మాత్రం ఆ మనిషి మీదే ఉండాలి. దీనికి సమయం పడుతుంది, నిజమే.

ఇప్పుడు మా రిజిస్టరులో "జవాబు చెప్పినది ఎవరు?" అని ఒక గడి గీశాము. కొత్త ప్రశ్నల కాగితాన్ని ముందుగా వికలాంగుల సంఘంవారి చేత చదివించాము. "ఇంటివారికి మీరు భారంగా ఉన్నారా?" అన్న మా ప్రశ్నను వారు కొట్టివేసి, "మీకు సాయం చేసేవారు జబ్బు పడితే ఎవరున్నారు?" అని రాశారు.