నైటింగేల్ అంటే మన కోకిల కాదు

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకి వచ్చే మొదటి డౌట్: నైటింగేల్ అంటే కోకిలేగా?

కాదండీ. సరోజినీ నాయుడిని ఇంగ్లీషులో 'నైటింగేల్ ఆఫ్ ఇండియా' అంటే మనం 'భారత కోకిల' అంటాం. అక్కడే రెండూ కలిసిపోయాయి. కోకిల కాకి గూట్లో గుడ్లు పెట్టే పక్షి, మగది నల్లగా ఉంటుంది. నైటింగేల్ పిచ్చుక కంటే కాస్త పెద్దది. ఒళ్లంతా గోధుమ రంగు, తోక మాత్రం ఇటుక రంగు. చలికాలం పశ్చిమ ఆఫ్రికాలో గడిపి, ఏప్రిల్ మధ్యలో ఇంగ్లండ్ ఆగ్నేయ ప్రాంతానికి వస్తుంది.

బ్రిటన్‌లో గత 50 ఏళ్లలో వీటి సంఖ్య సుమారు 90 శాతం పడిపోయింది. 2015లో రెడ్ లిస్ట్‌లో చేర్చారు. ఇది నేలకి దగ్గరగా, ముళ్లపొదల్లో గూడు కడుతుంది. జింకలు పెరిగి అడవిలో కింది పొదల్ని మేసేస్తున్నాయి. చెట్లని మొదలు దాకా కొట్టి మళ్లీ చిగురించనిచ్చే పాత పద్ధతీ తగ్గిపోయింది. ఇక దాక్కోడానికి చోటేది?

నేను వినడానికి వెస్ట్ ససెక్స్‌లోని నెప్ ఎస్టేట్‌కి వెళ్లాను. ఒకప్పుడు అదంతా వ్యవసాయ భూమి. 2000 తర్వాత సాగు ఆపేసి పొదల్ని వాటి మానాన వదిలేశారు. నైటింగేళ్లు మళ్లీ పెరిగాయి. నాకైతే పిట్ట కనిపించింది రెండు సెకన్లే, పాట మాత్రం గంటసేపు విన్నాను.

మీరు వెళ్లాలనుకుంటే ఇవి గుర్తుపెట్టుకోండి:

ఏప్రిల్ చివరి నుంచి మే నెలాఖరు లోపు వెళ్లండి. తెల్లవారుజాము, లేదా గాలి లేని రాత్రి మంచిది. అర్ధరాత్రి పాడేవి ఎక్కువగా జోడీ దొరకని మగవే.

ఊళ్లో వీధి దీపం కింద రాత్రిపూట పాడేది చాలాసార్లు రాబిన్. నైటింగేల్ పాటలో సన్నగా మొదలై పెరుగుతూ పోయే ఈలలు, గబగబా వచ్చే గొలుసు స్వరాలు, మధ్యమధ్యలో మౌనం ఉంటాయి. ఆ ఈలలు వింటే ఇక పొరపడరు.

కాలిబాట దాటకండి, పొదలు కదపకండి. ఫోన్‌లో దాని పాట అస్సలు పెట్టకండి. ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని కంగారుపడుతుంది, గూటి పని వదిలేసి దాని మీదే పడుతుంది.

జూన్ వచ్చేసరికి పాట దాదాపు ఆగిపోతుంది. ఈ మే తప్పితే మళ్లీ వచ్చే ఏప్రిల్ దాకా ఆగాల్సిందే.