మారిషస్ చుట్టూ పది రోజులు: నాలుగు మజిలీల సాహసయాత్రకు ప్రణాళిక

సెలవులకు ద్వీపం అనగానే మన ఇళ్లలో ఈ మధ్య బాలి, మాల్దీవులు, థాయిలాండ్ పేర్లే వినిపిస్తున్నాయి. వాటితో పాటు మారిషస్‌ను కూడా లెక్కలోకి తీసుకోమని మేము అంటున్నాం. కొండ ఎక్కడం, పగడపు దిబ్బల మీద ఈత, అగ్నిపర్వతం మిగిల్చిన లోయల్లో నడక, పడవ ప్రయాణం, ఇవన్నీ ఒకే చిన్న ద్వీపంలో దొరుకుతాయి. రెండో కారణం మనకు మరీ దగ్గరిది. ఆంధ్ర రాష్ట్రానికి బయట తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లం మనం. సముద్రం దాటి అలాగే స్థిరపడిన తెలుగువారు అక్కడ ఉన్నారు. ఉగాది ఆ దేశమంతటికీ ప్రభుత్వ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో అక్కడే జరిగాయి.

యానాం పాఠకులకు ఇంకో ముడి కూడా ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో గోదావరి పాయ ఒడ్డున యానానికి దగ్గరలో ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినవారి గుర్తుగా, మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం ‘కోరంగీలు’ అనే పిలిచారు.

ఎప్పుడు వెళ్లాలి

మారిషస్ భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది. అందుచేత మనకు ఎండాకాలం అయితే వారికి చలికాలం మొదలు. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు వేడి, వానలు, తుపానుల కాలం. అందులో జనవరి నుంచి మార్చి వరకు ముప్పు ఎక్కువ. 2024 జనవరిలో బెలాల్ తుపాను వచ్చినప్పుడు రాజధాని పోర్ట్ లూయిస్ వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి.

బడి సెలవుల లెక్కన చూస్తే మనకు రెండు అదనులు ఉన్నాయి. ఒకటి మే నెల. తుపానులు తగ్గి ఉంటాయి, సముద్రపు నీరు ఇంకా వెచ్చగా ఉంటుంది. రెండోది దసరా, దీపావళి సెలవులు. వానలు తక్కువ, ఎండ మితం. జూలై నుంచి అక్టోబరు వరకు పశ్చిమ తీరంలో హంప్‌బ్యాక్ తిమింగిలాలు కనిపిస్తాయి. జూన్ నుంచి ఆగస్టు వరకు తూర్పు, దక్షిణ తీరాల్లో గాలి గట్టిగా వీస్తుంది. ఆ నెలల్లో వెళ్లేవారు పశ్చిమ, ఉత్తర తీరాల్లో రాత్రులు పెంచుకోవాలి.

ఉగాదికి వెళ్లాలని కోరిక ఉంటే వెళ్లవచ్చు. అయితే అది తుపానుల కాలం చివరి భాగమని గుర్తుంచుకుని, తేదీ మార్చుకోగల టిక్కెట్లు తీసుకోవాలి.

ఒకే చోట ఎందుకు ఉండకూడదు

ద్వీపం పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45. ఇంత చిన్న చోటికి నాలుగు మజిలీలు ఎందుకు అని అడగవచ్చు. మధ్యలో ఎత్తైన పీఠభూమి ఉంది. అక్కడ వాన, మంచు తరచు. పోర్ట్ లూయిస్ చుట్టుపక్కల ఉదయం, సాయంత్రం వాహనాల రద్దీ ఎక్కువ. ఒక మూల నుంచి ఇంకో మూలకు వెళ్లి రావడానికి రోజులో మూడు నాలుగు గంటలు కారులోనే పోతాయి. చలికాలంలో ఆరు గంటలకల్లా చీకటి పడుతుంది. రోజూ అటూ ఇటూ తిరిగే కంటే ద్వీపం చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తూ బస మార్చుకోవడమే తేలిక. విమానాశ్రయం ఆగ్నేయ మూలన ఉంది కాబట్టి యాత్ర అక్కడే మొదలై అక్కడే ముగియాలి.

మొదటి మజిలీ: ఆగ్నేయం, రెండు రాత్రులు

విమానం దిగినవెంటనే దూరం పోకుండా మాయెబూర్ పట్టణంలో దిగండి. దగ్గరలోని బ్లూ బే సముద్ర ఉద్యానంలో అద్దం అడుగు పడవ ఎక్కితే ఈత రాని పెద్దవాళ్లు కూడా పగడాలు చూడవచ్చు. ఈత వచ్చినవారు ముఖానికి అద్దం, నోటికి గొట్టం పెట్టుకుని నీళ్లపైన తేలుతూ చూడవచ్చు.

మరునాడు ఈల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న పగడపు దీవికి వెళ్లండి. మారిషస్ వన్యప్రాణి ఫౌండేషన్ అక్కడ ద్వీపపు పాత అడవిని తిరిగి పెంచుతోంది. అంతరించే అంచుకు వెళ్లి వెనక్కి వచ్చిన గులాబీ పావురాలు, పెద్ద తాబేళ్లు కనిపిస్తాయి. గైడు లేకుండా ఆ దీవిలోకి అనుమతి ఉండదు, అందుకే ముందే బుక్ చేసుకోవాలి.

రెండో మజిలీ: నైరుతి, మూడు రాత్రులు

సాహసం అసలు ఇక్కడే ఉంది. దక్షిణ తీరం వెంట కారులో వెళ్తూ గ్రీ గ్రీ దగ్గర ఆగండి. ద్వీపం చుట్టూ దాదాపు అంతటా పగడపు గట్టు ఉండి అలలను ఆపుతుంది. గ్రీ గ్రీ దగ్గర ఆ గట్టు తెగిపోయింది. అలలు నేరుగా కొండచరియను కొడతాయి. అది చూడవలసిన చోటు మాత్రమే, దిగవలసిన చోటు కాదు.

ల మోర్న్ కొండ ఎత్తు 556 మీటర్లు. బానిసత్వం నుంచి పారిపోయినవారు ఈ కొండమీద దాక్కునేవారు. 1835లో బానిసత్వం రద్దయిందని చెప్పడానికి వచ్చిన సిపాయిలను చూసి, తమను పట్టుకోవడానికి వచ్చారనుకుని కొందరు కిందికి దూకారని అక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటారు. 2008లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కింది సగం దారి మామూలు నడకే. పై సగం రాళ్లు పట్టుకుని ఎక్కాలి, దానికి గైడు తప్పనిసరి అని మా మాట. తెల్లవారకముందే బయలుదేరితే ఎండ తగలదు. మోకాళ్ల నొప్పులున్నవారు సగం దారి దాకా వెళ్లి వెనక్కి రావచ్చు, దృశ్యం అక్కడి నుంచీ బాగుంటుంది.

ఫొటోల్లో కనిపించే ‘సముద్రంలోపలి జలపాతం’ కూడా ఈ కొండ పక్కనే. అది నిజమైన జలపాతం కాదు. ఇసుక, ఒండ్రు లోతులోకి జారే తీరు పైనుంచి అలా కనిపిస్తుంది. పైనుంచి చూస్తేనే కనిపిస్తుంది, కాబట్టి ఒడ్డున వెతకవద్దు.

షమరెల్‌లో ఏడు రంగుల నేల, దాదాపు వంద మీటర్ల జలపాతం ఉన్నాయి. అగ్నిపర్వత శిల కుళ్లి మట్టయినప్పుడు అందులోని ఇనుము, అల్యూమినియం వేరువేరుగా నిలిచి ఆ రంగులు ఇచ్చాయి. మరో రోజు బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ ఉద్యానంలో నడక పెట్టుకోండి. ద్వీపంలో అన్నిటికన్నా ఎత్తైన 828 మీటర్ల శిఖరానికి దారి అక్కడి నుంచే. దగ్గరలోనే గంగా తలావ్ సరస్సు, 108 అడుగుల శివుడి విగ్రహం ఉన్నాయి. శివరాత్రికి ద్వీపం నలుమూలల నుంచి జనం కాలినడకన వస్తారు. ఆ రోజుల్లో ఆ దారిలో కారు ప్రయాణం పెట్టుకోకండి.

మూడో మజిలీ: ఉత్తరం, పోర్ట్ లూయిస్, మూడు రాత్రులు

గ్రాండ్ బే లేదా త్రూ ఓ బిష్‌లో బస చేయండి. ఇక్కడ సముద్రం నెమ్మది. పిల్లలకు ఈత, కయాక్ పడవ నేర్పడానికి మంచి చోటు. ఒక రోజు పాంప్లమూస్ తోటకు కేటాయించండి. పెద్ద పళ్లేల్లాంటి తామరాకులు అక్కడి ప్రత్యేకత. కొండ మీద ఇంకా ఆశ ఉంటే 812 మీటర్ల ల పూస్ శిఖరం ఉంది. 1836లో ఇక్కడికి వచ్చిన చార్లెస్ డార్విన్ ఎక్కిన కొండ అదే.

ఒక రోజంతా పోర్ట్ లూయిస్‌కు ఇవ్వండి. రేవు పక్కన ఉన్న ఆప్రవాసి ఘాట్‌ను ఫొటో తీసుకుని వచ్చేసే చోటుగా చూడవద్దు. 1834లో మొదలైన ఒప్పంద కూలీల వలసలో సుమారు నాలుగున్నర లక్షలమంది భారతీయులు మారిషస్ చేరారు. ఆ కూలీలను దించి నమోదు చేసిన డిపో 1849లో ఇక్కడ కట్టారు. అందులో మిగిలిన రాతి మెట్లు, గదులు 2006లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. కూలీలు వచ్చిన రోజు గుర్తుగా నవంబరు 2 అక్కడ సెలవు.

మన ఇళ్లలో ఎవరైనా ‘మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి వెళ్లి తిరిగి రాలేదు’ అని చెప్పడం విని ఉంటే, బయలుదేరేముందే పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, సుమారు ఏ కాలమో రాసుకోండి. వలస వచ్చినవారి పాత రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. వాటిలో పేరు, తండ్రి పేరు, ఊరు, ఎక్కిన ఓడ వంటి వివరాలు ఉంటాయి. ముందే ఉత్తరం రాసి, అనుమతి, పనివేళలు తెలుసుకుని వెళ్లాలి. పేర్లను గుమాస్తాలు తమకు వినిపించినట్టు రాశారు, కనుక ఒకే పేరును నాలుగైదు రకాలుగా వెతకవలసి ఉంటుంది.

నాలుగో మజిలీ: తూర్పు, ఒక రాత్రి

చివరి రోజు శరీరానికి విశ్రాంతి కావాలి. త్రూ దో దూస్ ఊరి నుంచి పడవలో ఈల్ ఓ సెర్ఫ్ దీవికి వెళ్లి ఇసుకలో గడపండి. మరునాడు అక్కడి నుంచి విమానాశ్రయం సుమారు గంట దూరం.

టిక్కెట్లు, కారు, డబ్బు, తిండి

ముంబై నుంచి నేరుగా విమానం ఉంది. ప్రయాణం ఆరు గంటలకు పైగా. షోలాపూర్, పుణే వారికి ఇది తేలిక. చెన్నై, బెంగళూరు నుంచి నేరుగా వెళ్లే సర్వీసులు మారుతుంటాయి, చూసుకోండి. యానాం వారు రాజమహేంద్రవరం లేదా విశాఖ నుంచి, బరంపురం వారు భువనేశ్వర్ నుంచి ముంబై చేరవచ్చు. మొత్తం ప్రయాణం ఒకే టిక్కెట్టుగా తీసుకుంటే, మొదటి విమానం ఆలస్యమైనా రెండోదాని బాధ్యత విమాన సంస్థదే అవుతుంది.

భారత పాస్‌పోర్టుతో పర్యటనకు ముందుగా వీసా తీసుకోనక్కర్లేదు. తిరుగు టిక్కెట్టు, బస బుకింగ్ కాగితాలు మాత్రం చేతిలో ఉండాలి. బయలుదేరేముందు తాజా నిబంధనలు, ఆన్‌లైన్‌లో నింపవలసిన ఫారం చూసుకోవాలి. విత్తనాలు, మొక్కలు, పళ్లు పెట్టెలో పెట్టవద్దు. మందులకు డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి.

అక్కడ కూడా రోడ్డుకు ఎడమవైపే బండి నడుపుతారు. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మీ ఆర్టీవో కార్యాలయంలో తీసుకుంటే కారు అద్దెకు తీసుకోవడం సులువు. డ్రైవింగ్ వద్దనుకుంటే బస్సులు ద్వీపమంతా తిరుగుతాయి, కాని నెమ్మది. పోర్ట్ లూయిస్ నుంచి క్యూర్‌పైప్ దాకా మెట్రో ఉంది. మారిషస్ రూపాయి మన రెండు రూపాయలకు దగ్గరగా ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి అక్కడ యూపీఐ చెల్లింపు మొదలైంది, అయినా చిన్న కొట్ల కోసం నగదు ఉండాలి.

శాకాహారులకు ఇబ్బంది లేదు. పప్పు కూరిన ‘ధోల్ పూరీ’ వీధి వీధినా దొరుకుతుంది. చూడడానికి మన బొబ్బట్టులా ఉంటుంది, తీపి మాత్రం ఉండదు.

ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు

పగడపు గట్టు లోపల నీరు ప్రశాంతంగా ఉన్నా, గట్టులో సందులున్న చోట ప్రవాహం లాక్కుపోతుంది. స్థానికులను అడగకుండా దిగవద్దు. రాతిచేప ముల్లు గుచ్చుకుంటే ఆసుపత్రి పాలవుతారు, కాబట్టి నీళ్లలో రబ్బరు చెప్పులు వేసుకోండి. తుపాను హెచ్చరికలు ఒకటి నుంచి నాలుగు వరకు తరగతులుగా ఇస్తారు. మూడు అన్నారంటే బస దాటి కదలకూడదు. సాహస క్రీడలు మీ ప్రయాణ బీమాలో ఉన్నాయో లేదో చదివి చూసుకోండి, చాలా పాలసీల్లో ఉండవు. గవ్వలు, పగడాలు ఏరుకుని తేవద్దు.

పిల్లలకు చూపించవలసినది

మారిషస్ తెలుగు కుటుంబాల్లో ఇంటి మాట ఇప్పుడు ఎక్కువగా క్రియోల్. అయినా వారు సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ, రామభజనం వదల్లేదు. బడిలో పిల్లలు తెలుగును ఒక భాషగా ఎంచుకుని చదువుకోవచ్చు. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్‌లలో మన పరిస్థితి తలకిందులు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, పిల్లలకు అక్షరాలు మాత్రం రావడం లేదు. మనకు మాట ఉంది, అక్షరం జారిపోతోంది. వారికి మాట పోయింది, అక్షరాన్ని పట్టుకున్నారు.

అందుకే పది రోజుల్లో ఒక పూట తెలుగు సంఘం వారినో, తెలుగువారి గుడినో కలిసేలా పెట్టుకోండి. మన పిల్లవాడు మాట్లాడేది వారి పిల్లలు వింటారు, వారి పిల్లలు రాసేది మనవాడు చూస్తాడు. పెట్టెలో రెండు తెలుగు బాలల పుస్తకాలకు చోటు ఉంచండి. వెళ్లేముందు మన పిల్లలు వాటిని చదవగలిగేలా చూసుకుంటే, ఇచ్చేటప్పుడు నాలుగు పేజీలు గట్టిగా చదివి వినిపించి ఇవ్వవచ్చు.