పరుగు మధ్యలో ఆగే కుక్క: విజ్లా

హంగేరీ మైదానాల్లో పిట్టలను, కుందేళ్లను పసిగట్టేందుకు తరతరాలుగా పెంచిన విజ్లా అనే వేటకుక్కను చూసినవారు ముందుగా దాని పరుగునే మెచ్చుకుంటారు గాని, ఆ జాతి అసలు స్వభావం పరుగు మధ్యలో అది చటుక్కున ఆగిపోవడంలోనే తెలుస్తుంది. గాలిలో పిట్ట వాసన తగలగానే ముక్కును అటు చాచి, తరచు ఒక ముందుకాలు పైకెత్తి, కొయ్యబారినట్టు నిలిచే ఈ చర్యను పాయింటింగ్ అంటారు. తుపాకులు రాకముందు వలతోనో డేగతోనో వేటాడిన మనిషి దగ్గరికి చేరేదాకా పిట్టను లేపకుండా కాచుకోవడమే దాని పని.

హంగేరీ ప్రభువర్గం ఆదరించిన ఈ జాతి, 19వ శతాబ్దం చివర ఇంగ్లిష్, జర్మన్ పాయింటర్ల రాకతో చిక్కిపోయి, రెండు ప్రపంచ యుద్ధాల తరువాత దాదాపు అంతరించే స్థితికి చేరినా, శరణార్థులై దేశం దాటినవారు వెంట తీసుకుపోయిన కుక్కల వల్ల కూడా నిలిచింది. 1960లో అమెరికన్ కెనెల్ క్లబ్ దీనిని గుర్తించింది.

దూరంగా విడిగా వేటాడే జాతుల్లా కాక, యజమాని కనుచూపు మేరలోనే తిరుగుతూ, మాటిమాటికీ అతని వైపు చూస్తూ పనిచేసేలా దీనిని మలిచారు కనుక, వేటలో గుణంగా నిలిచిన ఆ సాన్నిహిత్యమే ఇంట్లో వదలని నీడగా మారుతుంది. అంటుకుంటే ఊడిరాదన్న అర్థంలో దీన్ని వెల్క్రో కుక్క అని పిలుస్తారు. పెరట్లో కట్టేసి రోజంతా ఒంటరిగా వదిలితే తలుపులు గీరడం, చెప్పులు కొరకడం, ఆగకుండా ఏడవడం వంటి లక్షణాలు కనబడతాయి. వీటిని అల్లరి అని కొట్టడం అన్యాయం, ఎందుకంటే అది మనిషి ఎడబాటు వల్ల పుట్టే బెంగ. పైగా గట్టి కేకకే ముడుచుకుపోయే సున్నితమైన ప్రాణి కాబట్టి, శిక్షణ మెచ్చుకోలుతో, చిన్న తినుబండారంతో, ఓపికతోనే సాగాలి.

పెద్ద విజ్లాకు రోజుకు గంట నుంచి రెండు గంటల వ్యాయామం, అందులో కొంత కంచె ఉన్న చోట గొలుసు లేని పరుగు, అవసరం. అయితే కాళ్లు మాత్రమే అలిస్తే చాలదు: గడ్డిలో దాచిన వస్తువును వాసనతో వెతికించడం వంటి ఆటలు దాని ముక్కుకు పని కల్పించి, ఉత్త పరుగు ఇవ్వలేని తృప్తిని ఇస్తాయి. ఎదిగే కూన విషయంలో మాత్రం తొందర పనికిరాదు; ఎముకల చివర పెరుగుదల జరిగే మృదువైన భాగాలు గట్టిపడేదాకా, అంటే సుమారు ఏడాది, ఏడాదిన్నర వరకు, ఎత్తైన దూకుళ్లు, గట్టి నేల మీద సుదీర్ఘ పరుగులు వద్దు.

ఎర్రబారిన బంగారు వన్నె గల పొట్టి బొచ్చు కింద చలిని ఆపే మెత్తని లోపలి రోమాల పొర లేకపోవడంతో బొచ్చు సంరక్షణ సులువే గాని, శీతల దేశాల్లో దాని పడక ఇంటి లోపలే ఉండాలి. లోతైన ఛాతీ గల జాతుల్లో కడుపు ఉబ్బి మెలితిరిగే ప్రమాదం ఉంది కనుక తిన్న వెంటనే పరుగెత్తించకూడదు. తుంటి కీలు లోపం, మూర్ఛ ఈ జాతిలో కనిపిస్తాయి కాబట్టి కూనను తెచ్చుకునేవారు తల్లిదండ్రుల తుంటి పరీక్షల ఫలితాలు అడిగి చూడాలి. ఇంటిల్లిపాదీ ఉదయం వెళ్లి రాత్రికి చేరే కుటుంబమైతే, పగలు దానికి తోడుండే మనిషి కుదిరేదాకా ఆగాలి.