మోటారు పన్నులు - ధర్మాధర్మములు

బండి పన్నులు, జరిమానాలు పురుషులు చూచుకొను విషయములని మనలో పలువురి యభిప్రాయము. కాని యా సొమ్ము పోవుచున్నది మన గృహవ్యయమునుండియే. పాలపద్దు, బిడ్డల బడిజీతము వ్రాసికొను పుస్తకములోనే పెట్రోలు ఖర్చును వ్రాసికొనుచున్నాము. రాత్రి ప్రొద్దుపోయినను ఇంటివారు తిరిగి రానిచో వాకిట నిలిచి యెదురుచూచువారమును మనమే. కావున నీ పన్నులలో ధర్మమెంత యున్నదో విచారించుట మనకు తగిన పనియే.

వాహనము గలవారినుండి ప్రభుత్వములు మూడు విధములుగా సొమ్ము పుచ్చుకొనును. రోడ్డు వాడుకకు పన్ను, పొగకు రుసుము, తప్పునకు జరిమానా. ఈ మూడింటికి కొలత యొక్కటి కాదు. పన్ను శక్తినిబట్టియు, రుసుము హానినిబట్టియు, దండన యపాయమునుబట్టియు నుండవలెనని మా యభిప్రాయము.

మొదట పన్ను సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో సొంత కారునకు, స్కూటరునకు కొన్ననాడే జీవితకాలపు పన్ను చెల్లింపవలెను. అది ధరలో నూటికింత యని యుండుటచే ఖరీదైన బండి కొన్నవా రెక్కువ యిత్తురు. ఇది న్యాయమే. కాని యా పన్ను కట్టిన పిమ్మట బండి వారమున కొకమారు గుడికి పోయినను, దినమునకు నూరు కిలోమీటర్లు తిరిగినను భేదము లేదు. పెట్రోలుమీది పన్ను ఈ లోటును కొంత తీర్చుచున్నది; తిరిగినకొలది చెల్లింపవలసినదే కదా.

పొగ రుసుమునకు లండను నగరము మంచి యుదాహరణము. అచట 2019లో నగరమధ్యమున, పొగ యెక్కువ విడుచు కార్లకు దినమునకు 12.50 పౌనుల రుసుము విధించిరి. 2023 ఆగస్టు 29 నుండి దానిని నగరమంతటికి విస్తరింపజేసిరి. బిడ్డల ఊపిరితిత్తులను కాపాడుటకు చేసిన పనిని తప్పు పట్టలేము. అయితే క్రొత్త కారు కొనగలవాడు కాసైన నీయక తిరుగును. కొనలేనివాడు పాత కారునకు దినదినము చెల్లించును. ఈ చిక్కును గుర్తించియే, పాత కారును వదలుకొనువారికి 2,000 పౌనుల వరకు సహాయమిచ్చు నేర్పాటును కొంతకాలము నడపిరి. మన దేశమున పొగ నియమము మీరినచో జరిమానా 10,000 రూపాయల వరకు పడవచ్చును. పాత ఆటో నడిపి పిల్లలను పోషించుకొనువానికి ఆ మొత్తమెంతటిదో మనకు తెలియనిది కాదు. వేరొక దారి చూపక దండించుట ధర్మమనిపించుకొనదు.

ఇక జరిమానా. 2022లో మన దేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించిరి. అన్ని యిండ్లలో పొయ్యి యెట్లు వెలిగెనో యూహించుకొనుడు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, త్రాగి బండి నడుపువాని జరిమానాను 2,000 నుండి 10,000 రూపాయలకు పెంచినది. అపాయకరముగ నడుపువానికి 5,000 వరకు విధింపవచ్చును. కాఠిన్యము తగినదే. కాని 5,000 రూపాయలు కూలివాని యింట కొన్నివారముల గ్రాసము. ధనికుని కొక పూట విందు ఖర్చు. రూపాయలు సమానమైనను నొప్పి సమానము కాదు.

ఫిన్లండు దేశమువారు 1921 నుండియే దీనికొక యుపాయము పన్నిరి. అచట పెద్ద తప్పులకు జరిమానాను దినములలో లెక్కింతురు. ఒక్కొక్క దినమునకెంత యన్నది తప్పు చేసినవాని యాదాయమునుబట్టి యుండును. 2002లో నొక సంస్థ పెద్ద యధికారి, 50 కిలోమీటర్ల వేగమే తగినచోట 75 కిలోమీటర్ల వేగముతో పోయినందులకు 1,16,000 యూరోల జరిమానా పడెను. తరువాత వాని యాదాయము తగ్గినదని న్యాయస్థానము దానిని తగ్గించెను. పేదవాని బండి తగిలినను గాయము గాయమే కదా యని కొంద రడుగవచ్చును. నిజమే. తప్పొకటే గనుకనే దండన యిద్దరికి నొక్కతీరుగ తగులవలెనని మనమును కోరుచున్నాము.

మన వాకిటికే వచ్చు నియమమొకటి యా చట్టముననే యున్నది. వయసు చాలని బాలుడు బండి నడిపి నేరము చేసినచో, తల్లిదండ్రులు గాని బండి యజమాని గాని దోషులగుదురు. తమకు తెలియక జరిగినదనియో, తగినంత యాపితిమనియో రుజువు చేసికొననిచో, 25,000 రూపాయల జరిమానా, మూడేండ్లవరకు కారాగారవాసము. బండి రిజిస్ట్రేషను పండ్రెండు నెలలు రద్దగును. ఆ బిడ్డకు ఇరువదియైదేండ్లు నిండువరకు లైసెన్సు రాదు. ఇది కఠినమని కొందరందురు. "మావాడు మహాచక్కగ నడుపును" అని మురిసి తాళపుచెవి చేతికిచ్చు తల్లులకు ఈ కాఠిన్యము తగినదేయని మా నమ్మకము.

చట్టములను దిద్దించుటకు మనకు వోటున్నది. అంతకంటె దగ్గరి పని యింకొకటి యున్నది. జరిమానా పడినపుడు "ఎవరితోనైన చెప్పించి తప్పించుకొనరాదా" యని యింటివారిని తొందరపెట్టకుందము. సిఫారసు గలవాడు తప్పించుకొని, లేనివాడు చెల్లించుచోట ఎంత మంచి చట్టమైనను న్యాయమును నిలుపజాలదు.